గోల్ఫ్ కోర్స్: చిన్న గుంట, కొంచెం మంచు, చెరగని కాలిముద్ర.. గెలుపోటములు తేలేది ఇక్కడే!

గాజువాక: గాజువాక నుంచి హైవే మీద హనుమంతవాక జంక్షన్‌కు వెళ్లి, ఎడమకు తిరిగితే ఆరిలోవ, ఆ తర్వాత ముడసర్లోవ. అక్కడే ఉంది 18 హోల్స్ ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. బయటి నుంచి చూస్తే పచ్చగడ్డి, నాలుగు జెండాలే కనిపిస్తాయి. కానీ అసలు ఆట కంటికి ఆనని విషయాల్లో ఉంది. అవేంటో చూద్దాం..

రెండు షాట్ల ఖరీదు

2010 పీజీఏ ఛాంపియన్‌షిప్. అమెరికాలోని విస్లింగ్ స్ట్రెయిట్స్ కోర్స్. చివరి హోల్‌కు వచ్చేసరికి డస్టిన్ జాన్సన్ ఒక్క షాట్ ఆధిక్యంలో ఉన్నాడు. బంతి ఇసుకలో పడింది. ప్రేక్షకులు తొక్కేసిన మామూలు నేల అనుకుని కొట్టే ముందు క్లబ్‌ను ఇసుకకు ఆనించాడు. కానీ అది బంకర్! ప్రతి ఇసుక గుంటనూ బంకర్‌గానే లెక్కిస్తామని నిర్వాహకులు ముందే నోటీసు పెట్టారు. ఫలితం.. రెండు షాట్ల పెనాల్టీ. ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

గడ్డితో ఆట ఎలా మారుతుంది?

క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లితే స్ట్రైకర్ ఎలా దూసుకుపోతుందో తెలుసు కదా. హోల్ చుట్టూ ఉండే 'గ్రీన్' కూడా అంతే. అక్కడ గడ్డిని సాధారణంగా 3 నుంచి 4 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తారు. ఒక్క మిల్లీమీటర్ తేడా వచ్చినా బంతి వేగం మారుతుంది. గడ్డి వాలిన వైపు కొడితే బంతి ఎక్కువ దూరం దొర్లుతుంది, ఎదురు కొడితే ముందే ఆగిపోతుంది.

ఈ వేగాన్ని కొలిచే స్టింప్‌మీటర్ 1935 నాటి ఆలోచన. 36 అంగుళాల పట్టీ మీద నుంచి బంతిని వదిలి, ఎన్ని అడుగులు దొర్లిందో కొలుస్తారు. అంతే!

విశాఖలో ఇంకో లెక్క కూడా ఉంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు ఉంటే బంతి నెమ్మదిస్తుంది. ఎండెక్కాక అదే గ్రీన్ వేగం పుంజుకుంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తోడైతే, పొద్దున సరిపోయిన క్లబ్ అప్పుడు సరిపోకపోవచ్చు. రోజూ అదే కోర్సులో తిరిగే కేడీ మాటకు విలువ ఉండేది అందుకే.

హోల్ అంచు కూడా ముఖ్యమే

హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. 1891 నుంచి ఇదే కొలత. బంతి కనీసం 42.67 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే చోటు బాగానే ఉంది. కానీ అంచు అరిగిపోతే లోపలికి పడాల్సిన బంతి పక్కకు జారిపోవచ్చు. అందుకే హోల్ స్థానాన్ని తరచూ మారుస్తారు, కొత్తగా కోస్తారు.

వెనుక వచ్చేవాడి కోసం..

పైనుంచి పడ్డ బంతి గ్రీన్‌పై చిన్న గుంట చేస్తుంది. దాన్ని అడుగు నుంచి పైకి ఎత్తకూడదు, వేర్లు తెగుతాయి. అంచులను మధ్యలోకి నెట్టి, మెల్లగా అదమాలి. వెంటనే చేస్తే గడ్డి త్వరగా కోలుకుంటుంది. వదిలేస్తే మచ్చ వారాల పాటు ఉండిపోతుంది. 2019 నుంచి బూట్ల మేకుల గుర్తులు కూడా సరిచేసుకోవచ్చని రూల్స్ మార్చారు.

బంకర్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు ఇసుకను రేక్‌తో సమం చేయడం కూడా అలాంటిదే. మీ కాలిముద్ర మీకు ఇబ్బంది కాదు. తర్వాత వచ్చేవాడి బంతి సరిగ్గా అందులో పడితే మాత్రం, వాడి తప్పేం లేకుండానే ఒక షాట్ పోతుంది.