యజమాని లేని సాఫ్ట్‌వేర్‌కు పెత్తనం ఎవరిది?

ఆ మధ్య ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు, పుస్తకాలు చూడటం ముగిశాక, కార్యదర్శిగారు మమ్ములను ఒక ప్రశ్న అడిగారు. పాల సేకరణ లెక్కలు కట్టే కంప్యూటరుకు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టించుకోండి, ఏటేటా లైసెన్సు రుసుము ఉండదు అని ఊళ్ళో చదువుకున్న కుర్రవాడు సలహా ఇచ్చాడట. “ఖర్చు తగ్గుతుందంటే సంతోషమే గాని సార్, రేపు అందులో లెక్క తప్పితే ఎవరిని అడగాలి? దానికి అధ్యక్షుడెవరు? పాలకవర్గమనేది ఉన్నదా, లేదా?” అన్నారు. అప్పటికప్పుడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. తరువాత కొంత చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాము. ఈ ప్రశ్న ఒక్క సంఘానిది కాదు గనుక ఆ సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా మాట అర్థం చూద్దాము. కంప్యూటరు ఏం చేయాలో వరుసగా వ్రాసిన ఆదేశాలే ప్రోగ్రాము. ఆ వ్రాతను కోడు అంటారు. మామూలుగా కంపెనీలు కోడును దాచిపెట్టి, నడిచే ప్రోగ్రామును మాత్రమే అమ్ముతాయి. ఓపెన్ సోర్స్ పద్ధతిలో కోడు అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా చదువుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు ఇవ్వవచ్చు. వ్రాసినవారికి హక్కు లేదని కాదు. హక్కు వారిదే, కాని లైసెన్సు ద్వారా ఈ అనుమతులు లోకానికంతటికీ ఇచ్చి ఉంటారు. అయితే పదిమంది పది మార్పులు చేస్తే, అందరూ నమ్మి దించుకొనే అసలు ప్రతిలో ఏ మార్పు చేరాలి, ఏది చేరకూడదు అని తేల్చేవారు ఒకరుండాలి కదా! పెత్తనమంటే అదే. దాన్ని నిర్ణయించే సహకార చట్టం వంటిది అక్కడ లేదు. రిజిస్ట్రారు లేడు. వారిలో వారే ఏర్పరచుకోవాలి.

మన సంఘాల పుట్టుక వేరు. రిజిస్ట్రేషన్ నాటికే ఉపనియమాలు చేతిలో ఉంటాయి. చాలాచోట్ల అవి బీరువాలో ఉండిపోయి, వ్యవహారమంతా ఒక పెద్దమనిషి మాట మీద నడుస్తుందన్నది వేరే విషయం. వారికి ముందు మనిషి, చాలా కాలానికి గాని ఉపనియమాలు రావు. ఆ మార్పు ఎలా వస్తుందో తెలియటానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కథ చాలా ఉపయోగిస్తుంది.

గీడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక పరిశోధన సంస్థలో పని చేస్తూ, సెలవు రోజుల్లో ఈ భాషను మొదలుపెట్టారు. 1991లో లోకానికి విడుదల చేశారు. కొందరు వాడారు, తప్పులు చూపారు, బాగుచేసి పంపారు. ఏది తీసుకోవాలో ఆయన చెప్పేవారు. 1995 ప్రాంతంలో ఆయనకు సరదాగా ఒక బిరుదు కూడా పెట్టారు: “జీవితకాలపు దయాళు నియంత”. వ్రాసినవాడు ఒకడు, సాయం చేసేవారు కొద్దిమంది. అటువంటప్పుడు ఎన్నికలు, కోరం అని కూర్చుంటే పని సాగదు. ఆ దశలో ఒక్కరి పెత్తనం తప్పని మేము అనము.

వాడేవారు పెరిగారు. సాయం చేసేవారికి జీతాలిచ్చే పెద్ద కంపెనీలు వచ్చాయి. నోటిమాట చాలలేదు. 2000లో మార్పు కోరేవారెవరైనా కారణాలతో సహా కాగితం వ్రాసి పెట్టాలన్న పద్ధతి వచ్చింది. దాన్ని పెప్ అంటారు. ప్రతి పెప్‌కు ఒక నెంబరు ఉంటుంది. ఆమోదించినా, తోసిపుచ్చినా అది రికార్డులో ఉంటుంది. మన తీర్మానాల పుస్తకం వంటిదనుకోండి. 2001లో పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే సంస్థ ఏర్పడి, విరాళాల సొమ్ము, పైథాన్ అనే పేరు మీద హక్కు దాని చేతికి వచ్చాయి. సాంకేతిక విషయాల్లో చివరి మాట మాత్రం గీడోదే. భారం ఎక్కువైనకొద్దీ కొన్ని పెప్‌ల మీద తీర్పు చెప్పే అధికారం ఆయన ఇతరులకు అప్పగించసాగారు. అప్పగించేదీ ఆయనే, కావాలంటే వెనక్కు తీసుకొనేదీ ఆయనే. ఖజానా వేరైంది, రికార్డు వచ్చింది, అధికారం మాత్రం ఒక్కచోటే ఉండిపోయింది.

2018లో 572వ నెంబరు పెప్ వచ్చింది. ఒక కోలన్, ఒక ఈక్వల్ గుర్తు పక్కపక్కన చేర్చి కొత్త గుర్తుగా వాడవచ్చునా అన్నదే అందులోని ప్రశ్న. రెండు గుర్తుల కోసం ఇంత రభసా అని మాకూ మొదట నవ్వు వచ్చింది. కాని ఫ్యాట్ రీడింగులో ఒక్క పాయింటు దగ్గర మన కేంద్రాల్లో ఎన్ని కలహాలు చూడలేదు! వాదనలు నెలల తరబడి సాగాయి. గీడో దాన్ని ఆమోదించారు. ఆ వెంటనే, జులై 12న, తాను తప్పుకొంటున్నానని సహచరులకు ఉత్తరం వ్రాశారు. ఒక నిర్ణయం కోసం ఇంతగా పోరాడి, చివరికి ఇందరి ద్వేషానికి గురికావటం ఇక తన వల్ల కాదన్నది దాని సారాంశం. వారసుని పేరు చెప్పలేదు. ఇకమీదట ఎలా పాలించుకుంటారో మీరే తేల్చుకోండి అన్నారు.

ఇది చదివినప్పుడు మాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక సంఘం గుర్తుకు వచ్చింది. స్థాపకుడైన అధ్యక్షుడు పంతొమ్మిది సంవత్సరాలు ఏకగ్రీవంగా నడిపారు. నిజాయితీపరుడు, ఒక్క రూపాయి తేడా ఉండేది కాదు. ఒక సర్వసభ్య సమావేశంలో బోనస్ పంపకం మీద మాటా మాటా పెరిగి, అక్కడికక్కడే రాజీనామా వ్రాసి ఇచ్చి వెళ్ళిపోయారు. మరునాడు చూస్తే బ్యాంకులో ఆయన సంతకం తప్ప మరొకరి నమూనా సంతకం లేదు. ఉపాధ్యక్షుడు సంతకం చేయవచ్చునని ఉపనియమాల్లో ఉన్నది, కాని ఆ కాగితం బ్యాంకుకు ఎవరూ పంపలేదు. మూడు పక్షాలు రైతులకు పాల డబ్బు అందలేదు. ఆ లోపల నలభైమంది దాకా ప్రయివేటు వ్యాన్‌కు పాలు పోయటం మొదలుపెట్టారు. వారిలో చాలామంది మళ్ళీ తిరిగి రాలేదు. తనిఖీలో ఆ లోపం ముందే పట్టుకోవలసింది మేమే. పుస్తకాలు సరిగా ఉన్నాయని సంతకం పెట్టి వచ్చాము.

పైథాన్‌వారికి వచ్చిన చిక్కు ఇంతకంటె విచిత్రమైనది. ఎలా నిర్ణయించాలో నిర్ణయించే అధికారం ఎవరికీ లేదు. అయినా వారు తొందరపడలేదు. ముందుగా ఓటు ఎవరికి ఉండాలి, ఎలా లెక్కించాలి అన్నది ఒక పత్రంగా వ్రాసుకున్నారు. ఇతర ప్రాజెక్టులు ఎలా నడుస్తున్నాయో మరో పత్రంలో సేకరించారు. తరువాత ఏడు ప్రతిపాదనలు వచ్చాయి. మళ్ళీ ఒకే నాయకుడు కావాలని ఒకటి, ముగ్గురు చాలునని ఒకటి, అసలు కేంద్రాధికారమే వద్దని మరొకటి. 2018 డిసెంబరులో ముఖ్య డెవలపర్లు ప్రాధాన్యతా క్రమంలో ఓట్లు వేసి, 8016వ నెంబరు ప్రతిపాదనను ఎన్నుకున్నారు. దాని ప్రకారం ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పడింది. భాష కొత్త రూపం విడుదలైన ప్రతిసారీ ఎన్నిక జరుగుతుంది. ఇప్పుడు విడుదల ఏటా ఉన్నది గనుక ఎన్నిక కూడా ఏటేటా వస్తుంది. మూడింట రెండు వంతుల ఓట్లతో ఒక సభ్యుని గాని, మొత్తం కౌన్సిల్‌ను గాని దించవచ్చు. అధికారం ఉన్నా వీలైనంత తక్కువగా వాడి, ఏకాభిప్రాయానికే ప్రయత్నించాలని కూడా వ్రాసుకున్నారు.

మాకు అన్నిటికంటె నచ్చిన నిబంధన మరొకటి. ఒకే యజమాని వద్ద జీతం తీసుకొనేవారు కౌన్సిల్‌లో ఇద్దరికి మించి ఉండరాదు. ఏ కంపెనీ అయినా మంచి పనివారిని జీతానికి పెట్టుకొని, వారి ద్వారా పెత్తనం చేజిక్కించుకోకుండా ఇది అడ్డుకట్ట. ఒకే ఇంటినుంచి ముగ్గురు డైరెక్టర్లుగా ఉన్న పాలకవర్గాలను చూసిన మాకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. 2019 ఫిబ్రవరిలో వెలువడిన మొదటి ఎన్నిక ఫలితాల్లో గీడో కూడా ఐదుగురిలో ఒకరుగా నెగ్గారు. ఆ పై ఎన్నికలో ఆయన పోటీనుంచి తప్పుకున్నారు.

డెబియన్ దారి వేరు. కంప్యూటరును నడిపే మూల వ్యవస్థను, దానితోపాటు వేలకొలది ప్రోగ్రాములను చేర్చి ఇచ్చే స్వచ్ఛంద సంస్థ అది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించారు. 1996లో ఆయన నాయకత్వం వదిలిపెట్టగా వేరొకరు అందుకున్నారు. మనుషులు మారటం తొందరగా మొదలైనందువల్ల కాబోలు, వ్రాతపూర్వకమైన నియమావళి కూడా తొందరగానే, 1998 డిసెంబరులో ఆమోదం పొందింది. నాయకుని పదవి ఒక్క సంవత్సరమే. ఓటు పత్రంలో “పైవారెవరూ వద్దు” అనే వరుస కూడా ఉంటుంది. మన దేశంలో నోటా 2013లో వచ్చింది. నాయకుడు తీసుకున్న నిర్ణయాన్ని సభ్యులు సాధారణ తీర్మానంతో రద్దు చేయవచ్చు. ఎవరూ ఏ పనీ చేసి తీరాలన్న బలవంతం లేదని కూడా అదే నియమావళి చెబుతుంది. జీతమివ్వని చోట అంతకంటె ఏం వ్రాయగలరు?

నియమావళి ఉన్నంత మాత్రాన కలహాలు రావని కాదు. 2014లో కంప్యూటరు తెరవగానే మొదట నడవవలసిన ప్రోగ్రాము ఏది అన్న విషయంలో డెబియన్ సాంకేతిక సంఘం నలుగురు నలుగురుగా చీలింది. అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. వివాదం సభ్యుల ఓటుకు వెళ్ళగా, దీనిమీద కొత్త తీర్మానమేదీ అవసరం లేదన్న పక్షం నవంబరులో నెగ్గింది. అసంతృప్తి చెందినవారు అదే నెలలో దేవువాన్ అనే పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. డిసెంబరులో డెబియన్ సభ్యులు మరో ఓటు వేసి, సాంకేతిక సంఘ సభ్యుల పదవీకాలానికి హద్దు పెట్టారు. అంతకుముందు ఆ పదవులకు గడువే లేదు!

ఈ వేరు కుంపటిని వారి పరిభాషలో ఫోర్క్ అంటారు. అందరి మెడ మీదా వేలాడే కత్తి అదే. మన రైతు కోపం వస్తే పాలు ప్రయివేటు డెయిరీకి పోస్తాడు, అయితే ఇక్కడ పోసిన పాలు అక్కడ ఉండవు. కోడు అలా కాదు. ప్రతి తీసుకొని వెళ్ళేవారికీ మొత్తం దక్కుతుంది, ఉండేవారికీ మొత్తం మిగులుతుంది. పేరు, ధనం, యంత్రాలు, వాడుకదారుల నమ్మకం మాత్రం వెంట రావు. ఓపెన్ ఆఫీస్ అనే కార్యాలయ సాఫ్ట్‌వేర్‌ను సన్ అనే కంపెనీ పోషించేది. 2010 జనవరిలో ఆ కంపెనీని ఒరాకిల్ కొన్నది. కొత్త యజమాని ధోరణి మీద నమ్మకం కుదరని పనివారు సెప్టెంబరులో ఒక ఫౌండేషన్ ప్రకటించి, కోడుతో బయటకు వచ్చారు. పేరు ఒరాకిల్‌ది గనుక వారిది లిబ్రె ఆఫీస్ అయింది. మరుసటి ఏడు ఒరాకిల్ తన ప్రతిని అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించి తప్పుకున్నది. ఈనాడు ఎక్కువగా ముందుకు సాగుతున్నది బయటకు వచ్చినవారి ప్రతే.

అన్నీ ఒక్కరినుంచి అందరివైపే నడుస్తాయనుకోరాదు. రెడిస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ విషయంలో, పేరు, హక్కులు చేతిలో ఉన్న కంపెనీ 2024 మార్చిలో లైసెన్సును బిగించింది. కోడు చూడవచ్చు గాని, ఆ సాఫ్ట్‌వేర్‌నే సేవగా అమ్ముకొనేవారికి ఆంక్షలు పెట్టింది. ఆ నెలలోనే పాత లైసెన్సు కింద ఉన్న ప్రతిని తీసుకొని, లైనక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అనే చీలిక మొదలైంది. 2025 మేలో కంపెనీ మళ్ళీ ఒక ఓపెన్ సోర్స్ లైసెన్సును కూడా చేర్చింది. అప్పటికి వెళ్ళినవారు వెళ్ళనే వెళ్ళారు.

కనుక సంఘాలవారు ఇటువంటి సాఫ్ట్‌వేర్ తీసుకొనేముందు ఖరీదు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. మార్పులను ఆమోదించేవారు ఎందరు, వారందరికీ జీతమిచ్చేది ఒక్కరేనా, ఆ పేరు ఎవరి ఆస్తి, నాయకుడు రేపు తప్పుకొంటే ఏమి జరగాలో ఎక్కడైనా వ్రాసి ఉన్నదా అని విచారించండి. సాధారణంగా ఈ వివరాలు కోడుతోపాటే బహిరంగంగా ఉంటాయి. ఆంగ్లం వచ్చిన కుర్రవారు ఒక పూటలో చూసి చెప్పగలరు.

ఆ కార్యదర్శిగారి ఊరి కుర్రవాడిచేత మేము ఆ పని చేయించాము. అతడు సూచించిన ప్రోగ్రాములో మార్పులను ఆమోదించేది ఒక్క మనిషేనని, ఆయన తరువాత ఎవరన్నది ఎక్కడా వ్రాసి లేదని తేలింది. ప్రోగ్రాము పని మాత్రం బాగానే చేస్తున్నది. సంఘంవారు దాన్ని వద్దనలేదు. కోడు ప్రతి ఒకటి సంఘంలో భద్రపరచి, లెక్కల పట్టికలు ప్రతి పక్షం కాగితం మీద అచ్చుతీసి దాచే ఏర్పాటుతో ఆరునెలలు నడిపి చూడాలని పాలకవర్గం తీర్మానించింది. బ్యాంకు నమూనా సంతకాల విషయం కూడా అదే ఎజెండాలో చేర్చవలసిందిగా మేము కోరాము. చేర్చారు.