పెద్దపల్లికి వచ్చిన పంచ్ ఉత్తరం

రేవు పక్కన సారాకొట్టు అనగానే ఇంగ్లీషు నవలలు చదివినవారికి ఒక బొమ్మ కళ్లకు కడుతుంది. పొగచూరిన దూలాలు, కిటికీ కింద అలల చప్పుడు, దేశాలు తిరిగి వచ్చిన నావికుల కబుర్లు! లండనులో థేమ్సు నది ఒడ్డున, వాపింగు పేటలో అటువంటి కొట్టు ఒకటి నేటికీ నడుస్తున్నది. పేరు ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్బీ. 1520 ప్రాంతంలో వెలసిందని చెప్పుకుంటారు. దొంగలు చేరే చోటు గనుక ఒకప్పుడు దానిని 'దయ్యం కొట్టు' అనేవారట. సముద్రపు దొంగలను ఆ దాపునే ఉరితీసేవారు. ఆ జ్ఞాపకంగా నీటివైపు ఒక ఉరితాడు వేలాడదీసి ఉంచారు.

కరీంనగరంలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆ కొట్టుతో ఏం పని అంటారా? ఉన్నది. అటువంటి కొట్లలో ఒకనాడు గిన్నెలకొద్దీ పోసిన పానీయం 'పంచ్'. ఆ పేరు మన 'పంచ' శబ్దమేనని చాలామంది పండితుల మాట. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, సుగంధద్రవ్యం - లెక్కకు అయిదు! 1670లలో మన దేశంలో తిరిగిన జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు కూడా ఇదే వ్యుత్పత్తి రాసిపెట్టాడు.

అసలు చిత్రం ఇంకొకటి. ఇంతవరకు దొరికిన ఇంగ్లీషు రాతల్లో ఈ మాట మొదట కనిపించేది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరంలో. రాసినవాడు రాబర్ట్ ఆడమ్స్. అందుకోవలసినవాడు పెద్దపల్లిలోని వర్తకుడు థామస్ కాలీ. మా కరీంనగరం పొరుగున ఉన్న పెద్దపల్లి కాదండోయ్! కోస్తాలో నేటి నిజాంపట్నానికి ఆనాడు ఆ పేరే. దొరల నోట అది 'పెట్టపోలి' అయింది. ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబు 1611లో అక్కడికి వచ్చింది. ఉత్తరం నాటికి ఆ రేవుకూ, మా ఎలగందలకూ ఏలిక ఒక్కడే, గోలకొండ సుల్తాను.

ఇంతకూ ఆడమ్స్ ఏమన్నాడు? మిత్రులు కలిసిమెలిసి కాపురముండాలని కోరి, పంచ్ విషయంలో ఒక ముక్క చేర్చాడు. 'కొలత పెట్టుకోక తాగండి' అన్నట్టూ ఉంటుంది, 'ఎంతమాత్రమూ తాగకండి' అన్నట్టూ ఉంటుంది. మన శ్లేష కవులు చూస్తే మెచ్చుకొని ఉందురు.

తాగేవాడు ఏ అర్థం తీసుకున్నాడో తెలుసుకోవడానికి నిఘంటువు అక్కరలేదు. 1671-72 నాటికే చెన్నపట్నం కోటలో కంపెనీవారు ఒక కట్టడి చేయవలసివచ్చింది. జీతాలిచ్చే రోజున పంచ్ కొట్టువాళ్లు తమ బాకీ కింద సిపాయిల జీతం పట్టుకోరాదని! కబుర్లూ, పాటలూ, అలల చప్పుడూ అన్నీ అయ్యాక మిగిలేది ఆ పద్దే.

మా గోదావరి గట్టున, అటు ఆదిలాబాదు, ఇటు ధర్మపురి, నావికుల కొట్లు లేవు గాని కల్లు మండువలున్నాయి. తాటిచెట్టు నుంచి దిగిన కల్లుతో దేవతకు సాక పోస్తారు. నలుగురూ చేరి కష్టసుఖాలు చెప్పుకుంటారు. ఆ కూడిక విలువను నేను తక్కువ చేయను. కాని కూలిడబ్బులు ఇల్లు చేరాయా, లేదా అని గుమ్మంలో ఎదురుచూసే ఇల్లాలు ఆ బొమ్మలో ఎక్కడా కనబడదు, లండనులోనూ, ఇక్కడా.

ఆమె కనబడింది 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. ఆ గాలి రాష్ట్రమంతా వీచి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లోనే సడలిపోయింది. జీతం రోజు సమస్య తీరలేదు.

వాపింగు కొట్టువారు ఉరితాడు చూపించి చరిత్ర చెబుతున్నారు, బాగానే ఉంది. దాని పక్కనే ఆ పాత జీతాల కట్టడిని కూడా అద్దం కట్టించి పెడితే, చరిత్ర సగం గాక సాంతం చెప్పినట్టవుతుంది.