దూరపు పరుగుకు తగిన దేహం

వేగంలో మానవుడు జింకకు గాని, గుర్రానికి గాని సాటి రాడు. అయితే దూరం పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది. వేల్స్ దేశంలోని లాన్వర్టిడ్ వెల్స్ పట్టణంలో మనుషులకూ, రౌతులెక్కిన గుర్రాలకూ మధ్య సుమారు 35 కిలోమీటర్ల పందెం 1980లో ప్రారంభమైంది. 2004లో హ్యూ లాబ్ అనే పరుగువీరుడు గుర్రాలన్నింటినీ వెనుకకు నెట్టి, ఆ పందెంలో గెలిచిన తొలి మానవుడయ్యాడు. ఆ సంవత్సరమే డెన్నిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ అనే శాస్త్రజ్ఞులు మానవదేహం దూరపు పరుగుకు అనువుగా పరిణామం చెందిందని 'నేచర్' పత్రికలో ప్రతిపాదించారు.

ఇందుకు వారు దేహనిర్మాణాన్నే సాక్ష్యంగా చూపారు. విల్లువలె వంగిన పాదమూ, పిక్కను మడమతో కలిపే పొడవైన స్నాయుబంధనమూ అడుగు నేలను తాకినప్పుడు సాగి శక్తిని నిలువ చేసుకొంటాయి. అడుగు లేచేటప్పుడు దానిని తిరిగి ఇస్తాయి. నడకలో అంతగా పని లేని పెద్ద పిరుదు కండరం, పరుగులో మొండెం ముందుకు తూలిపోకుండా ఆపుతుంది. మెడ వెనుకనున్న బంధనం తలను నిలకడగా ఉంచుతుంది. చింపాంజీలకు ఈ బంధనం లేదు.

అన్నింటికన్న ముఖ్యమైనది చెమట. మానవ చర్మంలో 20 నుండి 40 లక్షల స్వేదగ్రంథులు ఉన్నాయి. చెమట ఆవిరవుతూ దేహాన్ని చల్లబరుస్తుంది. అనేక నాలుగుకాళ్ల జంతువులు వగర్చి వేడిని పోగొట్టుకొంటాయి. దౌడు తీసేటప్పుడు వాటి శ్వాస అడుగుల లయకు కట్టుబడి ఉండడంతో వగర్చడం సాధ్యపడదు. కలహారి ఎడారిలోని శాన్ వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం కుడూ అనే పెద్ద జింకజాతి జంతువును గంటల తరబడి తరిమి, అది వేడికి తాళలేక నిలిచిపోయాక వేటాడేవారు.

ఈ లక్షణాలలో కొన్ని నడక వల్లనే ఏర్పడి ఉండవచ్చునని వాదించే పండితులూ ఉన్నారు. పరుగు వల్లనే ఏర్పడినా, నడక వల్లనే ఏర్పడినా, ఇది కదలిక కోసం రూపొందిన దేహమే. దినమంతా కూర్చుండే జీవనం దానికి హాని చేస్తుంది.

అయితే ఈ శక్తికి హద్దు కూడా ఉంది. చెమటతో నీరు, లవణాలు తరిగిపోతాయి. కోస్తా ప్రాంతపు వేసవిలో వలె గాలిలో తేమ ఎక్కువైతే చెమట త్వరగా ఆరదు; దేహతాపం పెరిగి వడదెబ్బ ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల అక్కడ పరుగు అభ్యసించేవారు చల్లని వేళను ఎంచుకొని, తగినంత నీరు త్రాగుతూ, దూరాన్ని క్రమంగా పెంచుకోవాలి.