లినోయి (ఫ్రెంచి నౌకాధిపతి)

షార్ల్ అలెగ్జాండర్ లియోన్ డ్యురాన్ లినోయి (1761 జనవరి 27 - 1848 డిసెంబరు 2) ఫ్రెంచి నౌకాదళాధిపతి. 1803 నుండి 1806 వరకు హిందూ మహాసముద్రంలోను, బంగాళాఖాతంలోను ఆంగ్లేయుల వర్తక నౌకలను వేటాడాడు. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ఎదుట ఇతడు జరిపిన దాడి తెలుగు తీరం చూసిన ముఖ్యమైన సముద్ర యుద్ధాలలో ఒకటి. ఆ దాడిలో అతడు పాటించినది వివేకమా, పిరికితనమా అన్న వాదం ఆనాడే మొదలైంది.

తొలి జీవితం

లినోయి ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు పట్టణంలో జన్మించాడు. చిన్న వయసులోనే నౌకాదళంలో చేరాడు. ఫ్రెంచి విప్లవం తరువాత బ్రిటనుతో జరిగిన యుద్ధంలో 1794లో ఒకమారు, 1795లో మరొకమారు ఆంగ్లేయులకు బందీగా చిక్కి విడుదలయ్యాడు. 1801 జులైలో స్పెయిను తీరాన అల్హెసీరాస్ వద్ద మూడు పెద్ద యుద్ధనౌకలతో ఆరింటిని ఎదిరించి నిలవడమే గాక, ఇసుకలో కూరుకుపోయిన హానిబల్ అనే బ్రిటిషు నౌకను పట్టుకున్నాడు. ఈ విజయంతో అతని పేరు ఫ్రాన్సు అంతటా వినిపించింది. తరువాత అతనిని పిరికివాడన్నవారు ఈ ఘట్టాన్ని మరచిపోయారనే చెప్పాలి.

భారతదేశానికి రాక

1802 నాటి అమియన్స్ సంధి ప్రకారం ఆంగ్లేయులు తాము ఆక్రమించిన ఫ్రెంచి స్థావరాలను తిరిగి అప్పగించాలి. పుదుచ్చేరితో పాటు కోనసీమను ఆనుకొని గౌతమీ తీరంలో ఉన్న యానాం కూడా వాటిలో ఒకటి. ఈ స్థావరాలను స్వాధీనం చేసుకోవడానికి నియమితుడైన సేనాని డెకాన్‌ను, అతని సైనికులను తీసుకొని లినోయి 1803 మార్చిలో బ్రెస్ట్ నుండి బయలుదేరాడు. అతని ప్రధాన నౌక మారెంగో. దానికి 74 ఫిరంగులు ఉండేవి.

జులైలో పుదుచ్చేరి చేరేసరికి పరిస్థితి మారిపోయింది. గవర్నరు జనరలు వెలస్లీ స్థావరాలను అప్పగించకుండా కాలయాపన చేయించాడు. ఐరోపాలో మే నెలలోనే మళ్ళీ యుద్ధం మొదలైంది. తెరచాప నౌకల కాలంలో అటువంటి వార్త ఇక్కడికి చేరడానికి నెలలు పట్టేది. ప్రమాదాన్ని పసిగట్టిన లినోయి ఒక రాత్రి చడీచప్పుడు లేకుండా లంగరెత్తి ఐల్ డి ఫ్రాన్స్ (నేటి మారిషస్) ద్వీపానికి వెళ్ళిపోయాడు. యానాం ఫ్రెంచివారికి మళ్ళీ దక్కినది 1814 పారిస్ సంధి తరువాతనే.

వేట నౌకలు

ఐల్ డి ఫ్రాన్స్ అప్పటికే ప్రైవేటీర్లకు స్థావరం. ప్రైవేటీరు అంటే ప్రభుత్వం నుండి అనుమతి పత్రం పొంది, సొంత పెట్టుబడితో శత్రువుల వర్తక నౌకలను పట్టుకొనే నౌక. దాని నాయకుడిని కూడా అదే పేరుతో పిలిచేవారు. అనుమతి పత్రం లేకపోతే అతడు సముద్రపు దొంగ కింద లెక్క. వీరిలో ప్రసిద్ధుడు రోబేర్ సుర్కూఫ్. ఇతడు 1800 అక్టోబరు 7న బంగాళాఖాతంలో, తన నౌక కంటే ఎంతో పెద్దదైన కెంట్ అనే కంపెనీ నౌకను పట్టుకున్నాడు.

లినోయి ప్రైవేటీరు కాదు, జీతానికి పనిచేసే రాజోద్యోగి. అయినా అతనికి అప్పగించిన పని దాదాపు అదే. తేడా ఒక్కటే: సుర్కూఫ్ జవాబు చెప్పుకోవలసినది పెట్టుబడిదారులకు, లినోయి జవాబు చెప్పుకోవలసినది నెపోలియనుకు.

1804 ఫిబ్రవరిలో మలయా తీరాన పులో ఔరా దీవి దగ్గర చైనా నుండి వస్తున్న కంపెనీ నౌకల గుంపు అతనికి ఎదురైంది. వాటికి రక్షణగా ఒక్క యుద్ధనౌక కూడా లేదు. వాటి నాయకుడు నతానియెల్ డాన్స్ కొన్ని వర్తక నౌకలకు నౌకాదళ పతాకాలు కట్టించి యుద్ధ వరుసలో నిలిపాడు. లినోయి దానిని నిజమని నమ్మి, కొద్దిసేపు కాల్పులు జరిపి వెనుదిరిగాడు. దాదాపు 80 లక్షల పౌండ్ల విలువగల సరుకు చేజారిపోయింది.

విశాఖపట్నం దాడి

ఆ అపకీర్తిని పోగొట్టుకోవాలన్న తొందరలో లినోయి మారెంగోతో పాటు అటలాంట్, సెమియాంట్ అనే రెండు ఫ్రిగేట్లను తీసుకొని అదే ఏడాది కోరమాండల్ తీరానికి వచ్చాడు. మచిలీపట్నం ప్రాంతంలో చిన్న నౌకలను పట్టుకొని ఉత్తరంగా సాగాడు. మచిలీపట్నం నుండి విశాఖకు పోయే సముద్రమార్గం అంతర్వేది, ఓడలరేవు, కోరంగి ఎదుటి నీటి మీదుగానే ఉంటుంది.

నేటి విశాఖ ఓడరేవును ఊహించుకొంటే ఈ యుద్ధం అర్థం కాదు. లోపలి రేవు తెరచినది 1933లో. అంతకు ముందు పెద్ద నౌకలు డాల్ఫిన్స్ నోస్ కొండకు సమీపంలో, బయటి సముద్రంలోనే లంగరు వేసుకొనేవి. ఆ రోజు అక్కడ 50 ఫిరంగుల సెంచూరియన్ అనే బ్రిటిషు యుద్ధనౌక, దాని రక్షణలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలు ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉండగా దాడి మొదలైంది. లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరు సాగించాడు. లిండ్ పడవ మీద తన నౌకను చేరుకున్నాడు. ఒడ్డున ఉన్న ఫిరంగులు కూడా తోడయ్యాయి.

బార్నబీ ఒడ్డుకు కొట్టుకొని పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ తెరచాపలు, తాళ్ళు చిరిగిపోయి, లంగరు మోకు తెగినా లొంగలేదు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కావడం వలన మారెంగో దానిని మరీ సమీపించలేకపోయింది. మధ్యాహ్నం దాటాక లినోయి దాడి ఆపి, పట్టుకున్న ఒక్క నౌకతో వెళ్ళిపోయాడు. సెంచూరియన్‌లో చనిపోయినది ఒక్కరే.

తన చర్యకు లినోయి చెప్పిన కారణం తేలికగా కొట్టివేయదగినది కాదు. మారెంగో స్తంభం విరిగితే బాగుచేయడానికి తగిన సామగ్రి వేల మైళ్ళ దూరంలోని ఐల్ డి ఫ్రాన్స్‌లో కూడా దొరకదు, ఫ్రాన్సు నుండే రావాలి. నౌక పోతే వేట కూడా ఆగిపోతుంది. నెపోలియన్ ఈ వాదనను అంగీకరించలేదు. ఫ్రాన్సుకు కావలసినది గౌరవమే గాని కొన్ని కొయ్యముక్కలు కాదని అతడు ఆక్షేపించినట్లు చెబుతారు. అయితే ఆ కొయ్యముక్కలు ఉన్నందువల్లనే లినోయి మరుసటి సంవత్సరం సింహళం సమీపంలో బ్రన్స్‌విక్ అనే కంపెనీ నౌకను పట్టుకోగలిగాడు.

బందీ జీవితం, మరణం

స్వదేశానికి తిరిగిపోతూ 1806 మార్చి 13న అట్లాంటిక్ సముద్రంలో, రాత్రి చీకటిలో లినోయి ఒక బలమైన బ్రిటిషు దళానికి ఎదురుపడ్డాడు. ఈసారి వెనుదిరిగే వీలు లేకపోయింది. గంటల తరబడి పోరాడి, గాయపడి, మారెంగోతో సహా చిక్కాడు. నెపోలియన్ అతని విడుదలకు ఖైదీల మార్పిడి జరిపించలేదు. ఎనిమిదేళ్ళు బ్రిటనులో బందీగా ఉండి 1814లో విడుదలయ్యాడు. ఈలోగా 1810 డిసెంబరులో ఐల్ డి ఫ్రాన్స్ ఆంగ్లేయుల వశమైంది. బంగాళాఖాతంలో ఫ్రెంచి వేట నౌకల బెడద దానితో తీరిపోయింది.

విడుదలయ్యాక కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవికి గవర్నరుగా వెళ్ళాడు. 1815లో నెపోలియన్ తిరిగి అధికారంలోకి రాగా, తనను విడిపించని ఆ చక్రవర్తి పక్షాన్నే చేరి పదవి పోగొట్టుకున్నాడు. 1816లో సైనిక న్యాయస్థానం అతనిని నిర్దోషిగా ప్రకటించింది. 87 ఏళ్ళ వయసులో వెర్సాయిలో మరణించాడు. పారిస్‌లోని విజయ తోరణంపై చెక్కిన పేర్లలో లినోయి పేరు కూడా ఉంది.