ఇంటికొక తుపాకి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జార్జియా రాష్ట్రమునకు రాజధానియైన అట్లాంటాకు వాయవ్యదిశను, కాబ్ కౌంటీలో, ఒక కొండ పాదముచెంత కెన్నెసా అను పట్టణము కలదు. పూర్వము దానిని బిగ్ షాంటీ యనెడివారు. అంతర్యుద్ధకాలమున, 1862 ఏప్రిల్ 12వ తేదీ ఉదయమున, రైలు సిబ్బందియు ప్రయాణికులును ఫలాహారమునకై దిగియుండగా, ఉత్తరపు పక్షమువారి గూఢచారులు ‘జనరల్’ అను ఆవిరియింజనును ఈ యూరనే అపహరించి పరుగెత్తించిరి. ఆ యింజను నేడు ఆ యూరి ప్రదర్శనశాలలో నిలిచియున్నది. రెండేండ్లకు, 1864 జూన్ 27న, ప్రక్కనున్న కొండపై దక్షిణపు సేనల నెదుర్కొన్న ఉత్తరపు సేనాని షెర్మన్ సైన్యము ఒక్క పూటలోనే వేలకొలది మనుష్యులను పోగొట్టుకొని వెనుదిరిగినది. నెత్తుటి జ్ఞాపకములు నేలలో నింకియున్న ఆ యూరిపేరు ఇంచుమించు శతాబ్దముపైని రెండు దశాబ్దములు గడచిన పిమ్మట మరల లోకమున మారుమ్రోగినది. ఈమారు యుద్ధమువలన గాక, సుమారు అయిదువేల జనాభా గల ఆ పట్టణపు పురపాలకసంఘము గావించిన ఒకానొక శాసనమువలన.

1982 మార్చి 15న వెలువడిన ఆ శాసనము ప్రకారము, పట్టణపు పొలిమేరలలో కాపురముండు ప్రతి గృహయజమానియు ఒక తుపాకిని, దానికి వలయు తూటాలతోసహా, తన యింట నుంచుకొనితీరవలెను. అయితే ఆ శాసనమే తన కఠినత్వమును తానే సడలించుకొన్నది. శరీరమునగాని మనస్సునగాని బలహీనులైనవారికిని, నిరుపేదలకును, ఘోరనేరములకు శిక్షపడినవారికిని, మతవిశ్వాసమువలనగాని అంతరాత్మ ప్రబోధమువలనగాని ఆయుధము నొల్లనివారికిని మినహాయింపు గలదు. అనగా వలదనుకొన్నవాడు వలదనవచ్చును. తుపాకి యుంచుకొనలేదని ఇంతవరకు ఒక్కనినైనను శిక్షించినది లేదు. ఇల్లిల్లు తిరిగి సోదాచేసిన అధికారియు లేడు. అయినను పట్టణస్మృతిలో 34-21వ ప్రకరణముగ ఆ విధి నేటికిని నిలిచియున్నది. ఊరి జనాభా ముప్పదివేలు దాటినది. అట్లాంటా పరిసరములకు ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు ఎన్నియో ఆ ప్రాంతముననే ఇండ్లు కొనుచున్నవి.

అమలుచేయు తలంపే లేని శాసనమును ఆ పెద్దలు ఏల చేసిరో తెలియవలెనన్న, అక్కడికి ఏడువందల మైళ్ల ఉత్తరమున, షికాగో శివారునగల మార్టన్ గ్రోవ్ అను ఊరికి పోవలెను. 1980 డిసెంబరులో గాయకుడు జాన్ లెనన్ న్యూయార్కునందలి తన యింటివాకిట తుపాకికి బలియయ్యెను. 1981 మార్చి 30న అధ్యక్షుడు రీగన్‌పై కాల్పులు జరిగెను. మే నెలలో వాటికను నగరమున పోపుపై జరిగెను. మార్టన్ గ్రోవ్‌లో తుపాకుల దుకాణ మొకటి తెరువబోవుచున్నదన్న వార్త పొక్కినది ఈ దినములలోనే. దుకాణమును నిరోధించుటతో సరిపెట్టుకొనక, ఆ గ్రామసభ్యులు 1981 జూన్ 8న ఇంకొక అడుగు ముందుకు వేసి, పోలీసులు మున్నగు కొందరు తప్ప గ్రామమున ఎవ్వరును పిస్తోలుగాని రివాల్వరుగాని కలిగియుండరాదని శాసించిరి. ఆ దేశమున ఒక ఊరు అట్టి నిషేధమును విధించుట అదియే ప్రథమము. దేశమంతయు అబ్బురపడెను, కొందరు హర్షించిరి, కొందరు మండిపడిరి. మండిపడినవారి పక్షమున కెన్నెసా పలికిన ప్రత్యుత్తరమే ‘ఇంటికొక తుపాకి’.

ఈ రెండు శాసనములను గూర్చి నాకు తోచినదేమనగా, అవి చట్టములను వేషము ధరించిన ఉత్తరములు. ఒక ఊరు మరియొక ఊరికి వ్రాసికొన్న బహిరంగలేఖలు. ఒకటి ‘మా వీధిలో ఈ వస్తువు వలదు’ అన్నది. రెండవది ‘మా యింటి రక్షణ మా చేతనే యుండవలె’నన్నది. రెండింటను భయమున్నది, ఆ భయములు రెండును సత్యములే. కాని మార్టన్ గ్రోవ్ తన మాట కొక భారమును మోసినది: పిస్తోళ్లను వదలుకొనవలసినవారు తన పౌరులే, న్యాయస్థానములలో వాదించుకొనవలసినది తానే. కెన్నెసా తన మాటవలన ఏ భారమును మోయలేదు. తుపాకి యున్నవానికి ఉన్నదే యున్నది, లేనివానికి మినహాయింపు సిద్ధముగనే యున్నది.

శాసనానంతరము కెన్నెసాలో దొంగతనములు పడిపోయినవని దానిని మెచ్చువారు ఎన్నో ఏండ్లుగా చాటుచున్నారు. చిన్న ఊరిలో ఏటికి జరుగు దొంగతనములు కొలదివి గనుక, ఒక యేడు పది తగ్గినను శాతములలో చూపినపుడు అదియొక మహాద్భుతముగ గానవచ్చును. అనేక సంవత్సరముల లెక్కలను వరుసగా పరిశీలించిన పండితులకు మాత్రము ఆ శాసనమువలన కలిగినదని చెప్పదగిన మార్పు కానరాలేదు. 2014 ఏప్రిల్ 29న ఆ యూరి పార్సిలు కేంద్ర మొకదానిలో పనిచేయు యువకుడొకడు తోటివారిపై కాల్పులు జరిపి, ఆర్గురిని గాయపరచి, తన ప్రాణమునే తీసికొనెను. ఇట్టిది ఎచ్చటనైనను జరుగగలదు. కెన్నెసాలోను జరిగినదని మాత్రమే నేను చెప్పదలచినది.

మార్టన్ గ్రోవ్ శాసనమును 1982లో ఏడవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము సమర్థించెను. సుప్రీంకోర్టు ఆ వివాదమును విచారణకు స్వీకరింపనొల్లలేదు. షికాగో మహానగరమును, ఓక్ పార్కు, ఎవన్‌స్టన్ మున్నగు శివారులును అదే త్రోవ తొక్కినవి. 1791లో ధ్రువపడిన రాజ్యాంగపు రెండవ సవరణ, పౌరసైన్యమును ప్రస్తావించుచు ఆయుధధారణ హక్కును చెప్పుచున్నది. ఆ హక్కు సైన్యమున కూడిన ప్రజలదా, ఏకాకియైన వ్యక్తిదా యను ప్రశ్న చిరకాలము అపరిష్కృతముగ నుండెను. 2008 జూన్ 26న సుప్రీంకోర్టు, హెల్లర్ వ్యాజ్యమున, అయిదుగురి మాటకు నల్వురి మాట వెనుకబడగా, అది వ్యక్తి హక్కేయని నిర్ణయించెను. తీర్పు వెలువడిన కొలది వారములలోనే మార్టన్ గ్రోవ్ ఇరువదియేడేండ్ల తన శాసనమును తానే రద్దుచేసికొన్నది.

షికాగో మాత్రము పట్టు విడువలేదు. ఆ నగరమును ప్రతిఘటించి నిలిచినవానిలో ముఖ్యుడు ఓటిస్ మక్‌డానల్డ్ అను వృద్ధుడు. లూసియానాలో కౌలురైతు కుటుంబమున బుట్టి, పొట్టకూటికై ఉత్తరమునకు వలసవచ్చి, జీవితమంతయు కాయకష్టము చేసి విశ్రాంతి గొన్న నల్లజాతీయుడాయన. ఆయన యింట పలుమార్లు దొంగలుపడిరి. తన వీధి తన కండ్లయెదుటనే ముఠాలపాలగుచుండగా, పిస్తోలు నుంచుకొను అనుమతి నిండని కోరుచు ఆ ముసలివాడు న్యాయస్థాన మెక్కెను. 2010 జూన్ 28న సుప్రీంకోర్టు, మరల అయిదుగురికి నల్వురుగ, రాష్ట్రములును నగరములునుగూడ రెండవ సవరణకు బద్ధములేయని తీర్పుచెప్పెను. అంతర్యుద్ధానంతరము దాస్యవిముక్తులైన నల్లవారిని దక్షిణపు రాష్ట్రములు ఏవిధముగ నిరాయుధులను జేసి హింసించెనో న్యాయమూర్తి అలీటో తన తీర్పులో సవిస్తరముగ పేర్కొనిరి. ఊరిపెద్దల మాటయన్నంతనే అది ప్రజల మాటయగునని మురిసిపోవు మనబోంట్లకు ఆ పుటలు ఒక చెంపపెట్టు. గ్రామసభ యనునది బలహీనుని పక్షమునను నిలువగలదు, బలహీనుని చేతినుండి కఱ్ఱ లాగికొననుగలదు. ఓటిస్ మక్‌డానల్డ్ భయమును నేను తక్కువచేసి మాటాడజాలను.

అయినను ఆ తీర్పుతో ఒక తలుపు మూతపడెను. మార్టన్ గ్రోవ్ చేసినట్లు మా యూర పిస్తోలే వలదని యిక నే యూరును శాసింపజాలదు. తుపాకిని సమర్థించు తీర్మానములకు మాత్రము హద్దు లేకపోయెను. వీనిలో మిక్కిలి విచిత్రమైనది వర్జీనియా కథ.

2019 మే 31న వర్జీనియా బీచ్ నగరమున, ఆ పురపాలకసంఘపు భవనముననే, ఆ సంఘపు ఉద్యోగియే తుపాకి చేతబట్టి పండ్రెండుగురిని చంపెను. మృతులలో పదునొకండుగురు నగరోద్యోగులు. మిగిలినయాతడు ఏదో అనుమతికై వచ్చిన కంట్రాక్టరు. అప్పటి రాష్ట్రచట్టము ప్రకారము వర్జీనియాలోని ఏ పట్టణమును తన కార్యాలయమునందైనను తుపాకులు తేరాదని పౌరులకు చెప్పజాలకుండెను. రాష్ట్రము స్పష్టముగ ఇచ్చిన అధికారము తప్ప స్థానికసంస్థకు వేరొక అధికారము లేదని 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ చెప్పిన సూత్రమును వర్జీనియా నేటికిని శిరసావహించును. గవర్నరు రాల్ఫ్ నార్తం జులైలో ప్రత్యేక శాసనసభాసమావేశమును పిలిచిరి. తొంబది నిమిషములలో అది ముగిసెను. నవంబరు ఎన్నికలలో సభలు రెండును గవర్నరు పక్షమునకు దక్కగా, క్రొత్త తుపాకిచట్టములు తప్పవని తెలిసి, కౌంటీలు ఒకదానివెంట నొకటి తమ్ము ‘రెండవ సవరణకు ఆశ్రయస్థానము’లుగ ప్రకటించుకొనసాగెను. ఆ పేరు తుపాకి పక్షమువారు తామై కల్పించినది గాదు: పత్రములులేని వలసదారులకు అండగ నిలిచిన నగరములు వాడిన మాటయది, 2018లో ఇలినాయిలోని ఎఫింగం కౌంటీ దానిని ఎరవు తెచ్చుకొని తుపాకికి తగిలించినది. వర్జీనియాలోని 95 కౌంటీలలో అత్యధికభాగము ఆ మార్గమునే పట్టినవి. తెలుగువారు విస్తారముగ నివసించు ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలు పట్టలేదు. శిశిరపు చలిలో పల్లెపట్టుల ఉన్నతపాఠశాలల వ్యాయామశాలలు నిండిపోయి, జనము వెలుపల బారులుదీరి నిలిచిరి. పురపాలకసంఘపు సమావేశములకు పదిమందియు రాని దేశమున అంతటి జనసందోహమును కూర్చిన ఆవేశమును తేలికగా తీసివేయరాదు. రాష్ట్ర అటార్నీ జనరల్ మార్క్ హెరింగ్ ఆ తీర్మానములకు చట్టబలము లేదని డిసెంబరులో అభిప్రాయమిచ్చిరి. అయినను జనము చలింపలేదు.

2020 జనవరి మొదటివారమున వర్జీనియా బీచ్ నగరసంఘముకూడ తన నగరమును రెండవ సవరణకు కట్టుబడిన రాజ్యాంగనగరముగ ప్రకటించుచు తీర్మానించెను. ఏడు నెలలక్రితము తన యుద్యోగులే తన యింట కూలిపోయిన ఆ సంఘము! ఆ సభ్యులను నేను నిందింపబూనలేదు. దుఃఖము మనుష్యుని ఏ వైపునకు నడిపించునో చెప్పుట కష్టము. కాని ఆ తీర్మానపు వాక్యముల నడుమ ఆ పండ్రెండుగురి స్థానమేదియని వెదకకుండ నుండజాలకున్నాను. ఆ యేప్రిలులో నార్తం సంతకముచేసిన చట్టములలో ఒకటి స్థానికసంస్థలకు తమ భవనములలోను ఉద్యానములలోను తుపాకులను నిషేధించు అధికారమును తుట్టతుద కిచ్చినది.

అన్ని రాష్ట్రములును అట్లు ఇచ్చుట లేదు. నలుబదికి పైబడిన రాష్ట్రములు తుపాకుల విషయమున స్థానికసంస్థల నోరు ఏదోయొక రీతిని కట్టివేసినవి. ఫ్లారిడాలో 2011నాటి చట్టము ప్రకారము, రాష్ట్రమును మీరి తుపాకినియమము చేసిన నగరసభ్యుడు అయిదువేల డాలర్లవరకు జుల్మానా స్వయముగ చెల్లింపవలెను, పదవియు పోగొట్టుకొనవచ్చును. 2018 ఫిబ్రవరిలో పార్కులాండ్ పాఠశాలలో 17 మంది హతులైన తరువాత అనేక నగరములు ఈ చట్టమును ప్రతిఘటించినవి. 2023లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము చట్టమువైపే మొగ్గినది. టెక్సస్‌లోను నగరములకు అట్టి అధికారము లేదు. 2023 మే 6న ఆ రాష్ట్రపు అలెన్ పట్టణమున, అంగడివీథిలో, ఎనమండుగురు చంపబడగా అందొకతె తెలంగాణమునుండి వెళ్లి ఇంజనీరుగ పనిచేయుచున్న మన తెలుగింటి ఆడపడుచు. అలెన్ నగరసంఘము ఆ మరునాడు ఏమి తలచినను తుపాకిని గూర్చి నియమము చేయజాలదు. సంతాపము తెలుపవచ్చును, అంతియే.

మనకో, ఈ సమస్యయే పుట్టలేదు. మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో ఆయుధములు కేంద్రపు జాబితాలోనివి. పంచాయతీలకు ఒప్పగింపదగిన విషయములుగ పదునొకండవ షెడ్యూలు పేర్కొన్న 29 అంశములలో అవి లేవు. తుపాకి లైసెన్సు జిల్లాలో కలెక్టరునుండియు, నగరములలో పోలీసు కమిషనరునుండియు పొందవలసినదే. అయితే మన పూర్వులకు ఈ హక్కు అపరిచితము గాదు. 1878నాటి ఆయుధచట్టము భారతీయుని నిరాయుధుని జేసి అవమానించినదని మన నాయకులు ఎంతగానో పరితపించిరి. 1931 కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమికహక్కులలో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కుకూడ నుండెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ దానిని మరల కోరగా అంబేడ్కరు అంగీకరింపలేదు. ఆ అనంగీకారమువలన మన ఊళ్లలో ఎందరి ప్రాణములు నిలిచెనో లెక్కింపజాలము గాని, కృతజ్ఞతతో తలచుకొనదగినదని నా విశ్వాసము.

తిరిగి షికాగో శివారులకే పోయెదను. మార్టన్ గ్రోవ్‌కు కొలది మైళ్ల ఉత్తరమున, మిషిగన్ సరస్సు గట్టున, హైలండ్ పార్కు అను నగరము గలదు. 2013లో ఇలినాయి రాష్ట్రము, ఇకమీదట ఊళ్లు తమంత తాము తుపాకినియమములు చేయరాదని నిర్ణయించుచు, గుక్కతిప్పుకొనుటకు పదిదినముల వ్యవధి మాత్రము వదలెను. ఆ స్వల్పావకాశమును పట్టుకొని, సైనికశైలి తుపాకులను, పదింటికి మించి తూటాలు పట్టు మాగజీనులను నిషేధించిన కొద్ది ఊళ్లలో హైలండ్ పార్కు ఒకటి. 2015లో న్యాయస్థానమునను నెగ్గెను.

ఏడేండ్లు గడచెను. 2022 జులై 4న, స్వాతంత్ర్యదినోత్సవపు ఊరేగింపు నడివీథిలో సాగుచుండగా, మేడపైనుండి ఒక యువకుడు, ఆ యూర నిషిద్ధమైన జాతి తుపాకితోనే, ఏడుగురిని చంపి నలువదిమందికి పైగా గాయపరచెను. ఆ తుపాకి చట్టబద్ధముగ కొన్నదే. ఊరి శాసనము ఊరి పొలిమేరతో ముగియును, తుపాకికి పొలిమేర తెలియదు. తలిదండ్రులిరువురును మరణింపగా రెండేండ్ల పసివాడొకడు ఆ జనములో ఒంటరిగ దొరకెను. నగరాధ్యక్షురాలు నాన్సీ రోటరింగ్ వాషింగ్టనుకు పోయి, తన యూరి నియమము దేశనియమము కావలెనని సెనేటు సంఘముయెదుట వేడుకొనిరి. 2023 జనవరి 10న ఇలినాయి రాష్ట్రమంతటికి అట్టి నిషేధము వచ్చెను. వచ్చిన మరునాటినుండియే, ఆ చట్టమును తాము అమలుజరుపబోమని రాష్ట్రపు కౌంటీ షెరీఫులు అనేకులు ప్రకటించిరి.

ఆ యేటి జులైలో హైలండ్ పార్కు ఊరేగింపు జరుపుకొనలేదు; ఊరివారు కలసి ఆ వీథివెంట నడచిరి. 2024లో వాద్యములతో, జెండాలతో ఊరేగింపు మరల బయలుదేరెను, పాతవీథిని వదలి వేరొక త్రోవను.