బిలాస్‌పూర్ మరణాలు నేర్పే ఆధారాల పాఠం

ప్రభుత్వాలు మారతాయి, మంత్రులు మారతారు. అచ్చులో ఒకసారి పడిన అంకె మాత్రం అంత సులభంగా మారదు. రాజధానిలో నివేదికల నడుమ తిరిగేవారికి ఇది నిత్యానుభవం. ఆరోగ్య విషయాలలో అట్టి అంకె ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. కనుక అది ఎవరు చెప్పినది, ఎప్పుడు చెప్పినది, దేనిని చూచి చెప్పినది అన్న మూడు ప్రశ్నలు తప్పవు. ఇందుకు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఉదంతమే నిదర్శనం.

బిలాస్‌పూర్ బెంగాల్-నాగపూర్ రైల్వే నాటి నుంచి పెరిగిన పట్టణం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. కొలువుల వెంట తరలివెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నవి. ఆ పట్టణం చెంతనే పెండారిలో, వాడుకలో లేని ఒక ఆసుపత్రి భవనంలో, 2014 నవంబరు 8న కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా మరణించారు. రోజుకు 30కి మించరాదన్న నిబంధన అప్పటికే ఉన్నది.

మరణాలకు కారణమేమిటి? శుభ్రత లోపించి సెప్టిక్ కావడమే కారణమన్నది ఒక వాదం. ఆపరేషన్ అనంతరం ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలలో, ఎలుకల మందులో వాడే జింక్ ఫాస్ఫైడ్ కలిసినట్లు ప్రాథమిక పరీక్షలలో అనుమానం కలిగిందన్నది కొద్ది రోజులకే రాష్ట్రాధికారులు చేసిన ప్రకటన. మొదటిది నిజమైతే వైద్యుడూ, లక్ష్యాల కోసం శిబిరాలు నడిపిన యంత్రాంగమూ సమాధానం చెప్పాలి. రెండవది నిజమైతే మందు తయారుచేసినవారూ, దానిని కొన్నవారూ చెప్పాలి. ఆ ప్రకటనను ఉదహరించే రచయిత కలం నుంచి ‘ప్రాథమిక’ అన్న ఒక్క మాట జారిపోయిందా, అనుమానం నిర్ధారణగా మారుతుంది. బాధ్యత ఒకరి మీది నుంచి మరొకరి మీదికి జరుగుతుంది. శవపరీక్ష, ప్రయోగశాల నివేదిక, అధికారి ప్రకటన, విచారణ సంఘం నివేదిక, వీటి విలువ ఒక్కటి కాదు.

మృతుల సంఖ్య సంగతీ అంతే. 13 అన్న లెక్క ఎక్కువగా వినిపించింది. అంతకు మించిన లెక్కలూ వెలువడినవి. నవంబరు 10న గౌరెల్లా ప్రాంతంలో మరికొన్ని శిబిరాలు జరిగినవి గనుక, ఏ శిబిరం, ఏ తేదీ అన్నది చెప్పని అంకె నిలువదు. నాడు బిలాస్‌పూర్ జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం 2020 నుంచి వేరే జిల్లా. సంవత్సరం రాయకపోతే రేపటి పాఠకుడు ఊరినే పొరబడతాడు.

2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలన్నది. ఇది బిలాస్‌పూర్ మరణాలపై వేసిన దావా అని, తీర్పు తెరచి చూడనివారు భావించవచ్చు. నిజానికి అది 2012 జనవరిలో బీహారులోని అరారియా జిల్లాలో 53 మంది స్త్రీలకు జరిగిన ఆపరేషన్లపై వేసిన వ్యాజ్యం. బిలాస్‌పూర్ మధ్యలో వచ్చి చేరింది. పైగా ఏ తీర్పులోనైనా మూడు గొంతులు వినబడతాయి: పిటిషనర్ ఆరోపణ, ప్రభుత్వ ప్రమాణపత్రం, న్యాయస్థానం నిర్ణయం. మూడింటినీ ‘సుప్రీంకోర్టు చెప్పింది’ అని రాయడం న్యాయం కాదు.

నిర్లక్ష్యపు ఉదహరణ ఎంత దూరం పోగలదో అమెరికా చూపింది. 1980లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అయిదు వాక్యాల లేఖ ఒకటి ప్రచురించింది. ఆసుపత్రిలో మత్తుజాతి మందులు పొందిన 11,882 మందిలో వ్యసనపరులైనవారు నలుగురేనని దాని సారాంశం. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీయగా 608 రచనలు ఆ లేఖను ఉదహరించినవి. అందులో 439 ఈ మందులతో వ్యసనం అరుదనడానికి దానినే సాక్ష్యంగా చూపినవి. వారంతా ఆసుపత్రిలోని రోగులన్న సంగతిని అధిక భాగం రచనలు చెప్పనేలేదు. ఇంటికి తీసుకుపోయే మాత్రలకు ఆ మాట వర్తించదన్న సంగతి మరుగునపడి, ఆ దేశం భారీ మూల్యం చెల్లించింది.

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఏ సర్వే, ఏ యేడు, ఏ వయసువారు అన్నవి తీసివేస్తే ఈ 70 శాతమూ వట్టి నినాదమే.

ఆధారం చూపడం పాండిత్య ప్రదర్శన కాదు. మూలాన్ని స్వయంగా చదివి, దాని స్వభావాన్నీ, తేదీనీ, పరిమితినీ పాఠకుని ముందుంచడం. ఆ మాత్రం శ్రమ పడినప్పుడే ఎవరు బాధ్యులని అడిగే హక్కు పౌరునికి మిగులుతుంది. పెండారిలో మరణించిన తల్లులకు అచ్చు అక్షరం తీర్చవలసిన కనీస ఋణం అదే.