గాలిలో పాదరసం – పొలిమేరలు లేని లెక్క

జ్వరం చూసే థర్మామీటరు పగిలి పాదరసం నేలపై ముత్యాల్లా దొర్లుతుంటే పిల్లలు ముచ్చటపడటం, "బంగారు గాజులు దగ్గరకు తేకండి" అని పెద్దలు హెచ్చరించటం మనలో చాలామందికి అనుభవమే. పాదరసం బంగారాన్ని ఇట్టే అంటుకుంటుంది. మన ఇండ్లలో అందరూ ఎరిగిన ఈ సత్యమే గాలిలోని పాదరసాన్ని కొలిచే శాస్త్రానికి ఆధారం.

బొగ్గును మండించి విద్యుత్తును ఉత్పత్తి చేసే మనకు ఈ విషయంతో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. టన్ను బొగ్గులో ఉండే పాదరసం సాధారణంగా ఒక గ్రాముకు లోపే. కాని ఒక పెద్ద విద్యుత్ కేంద్రం రోజుకు వేల టన్నుల బొగ్గును వినియోగిస్తుంది. మానవ కార్యకలాపాల వల్ల 2015లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2,220 టన్నుల పాదరసం గాలిలో చేరినట్లు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా వేసింది. ఇందులో చిన్నతరహా బంగారు గనుల వాటా 38 శాతం కాగా, బొగ్గు దహనం వాటా సుమారు 21 శాతం.

మూడు రూపాలు, మూడు దారులు

పొగగొట్టం చేరే పాదరసం మూడు రూపాల్లో ఉంటుంది. ధూళికణాలను అంటుకున్నది చాలావరకు బూడిదను పట్టే యంత్రాలలోనే చిక్కుతుంది. ఆక్సీకరణం చెందినది నీటిలో కరుగుతుంది కనుక వానతో త్వరగా నేలకు దిగుతుంది. మూడవది మూలక రూపంలోని ఆవిరి. ఇది నెలల తరబడి గాలిలోనే ఉండి భూగోళాన్ని చుట్టివస్తుంది.

ఏ దారిన వచ్చినా, చెరువులోనో సముద్రంలోనో చేరిన పాదరసంలో కొంత సూక్ష్మజీవుల చర్యవల్ల మిథైల్ మెర్క్యురీగా మారుతుంది. చిన్న చేప నుంచి పెద్ద చేపకు, చేప నుంచి మనిషికి చేరుతూ సాంద్రమవుతుంది. గర్భస్థ శిశువు నాడీమండలానికి ఇది మిక్కిలి హానికరం. జపాన్‌లోని మినమాటాలో 1956లో వెలుగుచూసిన విషాదానికి కారణం కర్మాగారం నుంచి నీటిలో కలిసిన ఈ విషమే.

బంగారు వల

ఉత్తరార్ధగోళంలో పరిశుభ్రమైన గాలిలో సైతం ఘనపు మీటరుకు సుమారు 1.5 నానోగ్రాముల పాదరసం ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. ఇంత స్వల్ప పరిమాణాన్ని పట్టటానికి గాలిని బంగారంపై ప్రవహింపజేస్తారు. బంగారం పట్టిన పాదరసాన్ని వేడిచేసి విడిపించి, అతినీలలోహిత కాంతిలో అది వెలువరించే ప్రకాశాన్ని బట్టి పరిమాణాన్ని నిర్ణయిస్తారు.

అయితే ఎంత ఉన్నదో చెప్పగలిగే యంత్రం అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. ఆ పని గణిత నమూనాలది. ఆయా రోజుల గాలి వేగం, దిశ, వర్షపాతం, రసాయన చర్యలు, దేశదేశాల ఉద్గారాల లెక్కలు కంప్యూటరుకు అందిస్తే, గాలి వచ్చిన దారిని అది వెనక్కు నడిచి చూపుతుంది. కొలత లేని నమూనా ఊహ మాత్రమే. నమూనా లేని కొలత ఉత్త అంకె.

ఇందుకు 2004 నాటి పరిశీలనలు చక్కని నిదర్శనం. జపాన్‌లోని ఒకినావా దీవి ఉత్తరపు కొసన ఉన్న హెడో కేంద్రంలోను, పసిఫిక్ మహాసముద్రానికి ఆవల అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో మౌంట్ బాచిలర్ శిఖరంపైన శాస్త్రజ్ఞులు పాదరసాన్ని, కార్బన్ మోనాక్సైడును కలిపి కొలిచారు. ఆసియా నుంచి వచ్చిన గాలి జాడ రెండుచోట్లా కనిపించింది. ఆ నిష్పత్తిని బట్టి లెక్కకడితే, ఆసియా నుంచి వెలువడే మూలక పాదరసం అప్పటి కాగితపు లెక్కలకు దాదాపు రెట్టింపు ఉన్నట్లు తేలింది. లెక్కకెక్కని ఉద్గారాలు కొంత, పూర్వం నేలలో ఇంకి మళ్ళీ ఆవిరైనది కొంత ఇందుకు కారణం కావచ్చునని భావించారు. ఒడ్డుకు ఈవల మాత్రమే కొలిచి ఉంటే ఈ పోలిక సాధ్యమయ్యేది కాదు.

మన పాత్ర

ఐరోపా సమాఖ్య సహాయంతో 2010లో ఆరంభమైన ప్రపంచ పాదరస పరిశీలనా వ్యవస్థలో మన దేశం నుంచి కొడైకెనాల్ పాలుపంచుకున్నది. అదే పట్టణంలో థర్మామీటర్ల కర్మాగారమొకటి పాదరస కాలుష్యం బయటపడి 2001లో మూతపడిన సంగతి తెలిసినదే. అటువంటి చోట గాలిలోని పాదరసం నేల విడిచినదా, గాలి మోసుకొచ్చినదా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే కొలత, నమూనా రెండూ కావలసిందే.

మినమాటా ఒడంబడికను భారతదేశం 2018లో ధ్రువీకరించింది. అంతకుముందే 2015లో కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాల పొగలో పాదరసానికి ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల పరిమితిని ప్రకటించింది.

ఈ ప్రయత్నంలో మన వంతు చిన్నదేమీ కాదు. బొగ్గు నమూనాను పరీక్షించే రసాయనశాల సహోద్యోగి, పొగగొట్టం వద్ద రీడింగు తీసుకునే సాంకేతికుడు రిజిస్టరులో వ్రాసే అంకెల మీదనే ఎక్కడో దూరాన కూర్చున్న శాస్త్రజ్ఞుని నమూనా నిలుస్తుంది. మన అంకె తప్పితే పొరుగువారి లెక్కా తప్పుతుంది. అదే గాలి మన టౌన్‌షిప్ మీదుగానూ వీస్తుంది. మన చెరువులోని చేపే మన పళ్ళెంలోకీ వస్తుంది. కనుక రిజిస్టరులో ఉన్నదున్నట్లు వ్రాయటం ఉద్యోగధర్మమే కాదు, మన బిడ్డల పట్ల మన బాధ్యత కూడాను.